రోజమ్మ గేటు దగ్గర చెప్పని మాట

ఎండు చేపలతో ఏసీ బస్సు

ఎండు చేపలు మూట కట్టుకుని ఏసీ బస్సెక్కకూడదని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదనుకోండి. మూడు కవర్లు చుట్టాను, పైన పాత తువ్వాలు బిగించాను, దాని మీద పూతరేకుల డబ్బా పెట్టాను. అయినా తణుకు దాటకముందే ముందు సీటాయన ముక్కు మూసుకుని, "బస్సులో ఎలకేదో చచ్చిందయ్యా, చూడు" అని క్లీనర్ని పిలిచాడు. నేను కిటికీ వైపు తిరిగి గురక పెట్టాను. నిద్రపోయేవాళ్ళను ఎవరూ అనుమానించరు కదా.

పాలకొల్లులో నాది చిన్న టైలరింగ్ షాపు. నా పేరు సుగుణ. మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళం వేసవంతా కూర్చుని దుప్పట్లు, దిండు గలీబులు కుట్టాం. శంషాబాద్‌లో సిస్టర్ రోసా అని ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ ఉందనీ, ఎయిర్‌పోర్టు దగ్గర ఇల్లు తీసుకుని సేవ చేస్తోందనీ, దుప్పట్లు చాలక అవస్థ పడుతోందనీ మా ప్రెసిడెంటు మార్తమ్మగారు ఎవరి ద్వారానో విన్నారు. "మిషనరీ అన్నాక ఆసుపత్రైనా ఉంటుంది, బడైనా ఉంటుంది. నాలుగు రోజులుండి అన్నీ చూసి రా. ముఖ్యంగా ఆవిడ వల్ల ఎంతమంది ప్రభువులోకి వచ్చారో కనుక్కో. మనవాళ్ళకు చెప్పాలి" అని నన్ను పంపారు. ఎండు చేపలు మాత్రం నా సొంత తెలివి. ఫిలిప్పీన్స్ వాళ్ళు కూడా మనలాగే అన్నం, చేపలు తింటారని విన్నాను. పరాయి దేశంలో ఏళ్ళ తరబడి ఉన్న మనిషికి అంతకంటే ఏం పట్టుకెళ్తాం?

పిల్లర్లే చిరునామా

పొద్దున్నే అత్తాపూర్‌లో మా బాబాయి కూతురింట్లో దిగాను. అడ్రసు చెప్పవే అంటే వీధి పేరు చెప్పదు, ఇంటి నంబరు చెప్పదు. పిల్లర్ నంబరు చెప్పి, దాని పక్క సందులోకి రమ్మంది. ఆ ఊళ్ళో అందరూ అంతే. నెత్తి మీద ఎక్స్‌ప్రెస్ వే పోతుంటుంది, దాన్ని మోసే స్తంభాలకు నంబర్లుంటాయి, మందుల షాపైనా మంగలి షాపైనా ఆ నంబరు చెబితేనే దొరుకుతుంది. సందు మొదట్లో ఒక టీ తాగాను. ఇరవై రూపాయలు. మా ఊళ్ళో పది రూపాయల గ్లాసులో ఇది సగం కూడా లేదు. కానీ బాగుంది, నిజం చెప్పాలి కదా. ఇంకోటి తాగాను.

స్నానం, టిఫిన్ అయ్యాక ఆరాంఘర్ మీదుగా బస్సులో శంషాబాద్ చేరి, అక్కడ ఆటో ఎక్కాను. దారి పొడుగునా లాడ్జీలు, గోడౌన్లు, "ప్లాట్లు అమ్మబడును" బోర్డులు. విమానాలు ఎంత కిందుగా పోతున్నాయంటే, నేనైతే రెండుసార్లు తల వంచాను. ఆటో అతను అద్దంలో చూసి నవ్వాడు.

"ఏడికి పోవాలక్కా?"

"ఫిలిప్పీన్స్ సిస్టరుగారి ఇంటికి బాబూ. రోసా గారని."

"ఎవలు, గా రోజమ్మా? మొఖం చూసి నేపాల్ అక్క అంటరు, ఆమెనేనా?" అని, కాసేపాగి, "సావుబండ్లు ఆగే ఇల్లు గదా" అన్నాడు.

ఆసుపత్రి కాదా, బడి కాదా, చావుబండ్లేంటి? అడుగుదామనేలోపే సందు మొదట్లో ఆటో ఆపేశాడు. "ఇగ ఈడనే దిగక్కా. ఇంక బోణీ గాలే. గా గేటు కాడికైతే బండి తీస్కపోను."

దుప్పట్ల మూటలు రెండూ దింపి వెళ్ళిపోయాడు. చేపల మూట మటుకు చాలా సంతోషంగా దింపాడు.

గోడ మీద ఏమీ లేని ఇల్లు

గేటు తీసిన మనిషి నా భుజం దాకా కూడా లేదు. గుండ్రటి ముఖం, చిన్న కళ్ళు, నెరిసిన పొట్టి జుట్టు, బూడిద రంగు చీర. రెండు మూటలూ చెరో చేత్తో ఎత్తుకుని, "ఏంది అక్కా గిట్ల నడిసొచ్చినవ్? ఆటో ఆయన గాడనే దింపిండా? అందరు గంతే, నువ్వు పరేషాన్ గాకు" అంది.

తెలంగాణ తెలుగు! అదీ ఫిలిప్పీన్స్ ఆవిడ నోట! నేనేమో ఇంగ్లీషులో "గుడ్ మార్నింగ్, గ్లాడ్ టు మీట్ యూ" అని బస్సులో బట్టీ పట్టి వచ్చాను. అదంతా వృథా అయిపోయింది.

ఇంట్లోకి వెళ్ళగానే నా కళ్ళు గోడల్ని వెతికాయి. ముందు గదిలో సిలువ లేదు, ప్రభువు పటం లేదు, ఒక్క వాక్యం కూడా రాసి లేదు. సున్నం కొట్టిన ఖాళీ గోడ, చాపలు, మూలన మంచినీళ్ళ కుండ, అంతే. ఇదేం మిషనరీ ఇల్లు తల్లీ అనుకున్నాను. సిలువ లోపల ఆవిడ పడుకునే గదిలో ఉంది. పొద్దు పొడవకముందే అక్కడ మోకరిస్తుంది, జపమాల తిప్పుతుంది. మేం లూథరన్లం, మాకు జపమాల అలవాటు లేదు. ఆ మాటే అంటే, "నీ తీరు నీది, నా తీరు నాది. వినేటాయన ఒక్కడే గదా" అని నవ్వేసింది.

వరండాలో ఒక అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముప్ఫై దాటి ఉంటాయి. విమానం చప్పుడైనప్పుడల్లా తల పైకెత్తుతోంది. పేరు సుజాత. జగిత్యాల దగ్గర పల్లెటూరు. భర్త నర్సయ్య గల్ఫులో భవనాల పనికి వెళ్ళి మూడేళ్ళయింది. జబ్బుపడి అక్కడి ఆసుపత్రిలో చాన్నాళ్ళుండి చనిపోయాడు. శవం విమానంలో రావాలి. ఇదిగో అదిగో అంటున్నారు గానీ, అక్కడి కాగితాలేవో తెమలక రావడం లేదు. మామూలుగా ఇలాంటి పనికి మగవాళ్ళే వస్తారట. ఈ అమ్మాయి మాత్రం నేనూ వస్తానని పట్టుబట్టి బావగారి వెంట వచ్చింది. బావ అంటే నర్సయ్య అన్న, పేరు మల్లేశం. పగలంతా ఫోను చెవికి ఆనించుకుని గేటు బయట తిరుగుతూ కనిపించాడు.

అప్పుడు అర్థమైంది నాకు రోజమ్మ పనేంటో. గల్ఫు నుంచి వచ్చే శవపెట్టెల కోసం ఎక్కడెక్కడి పల్లెల నుంచో జనం ఈ ఎయిర్‌పోర్టుకు వస్తారు. విమానం ఆలస్యమైతే ఎక్కడుండాలో తెలీదు. విషయం తెలిస్తే లాడ్జీవాళ్ళు గది ఇవ్వరు, హోటల్లో ముద్ద దిగదు. అలాంటివాళ్ళకు నీళ్ళిచ్చి, చాప వేసి, పెట్టె వచ్చేదాకా తోడుంటుంది ఈవిడ. పెట్టె వచ్చాక అంబులెన్సు ఆగడానికి తన గేటు తీస్తుంది. ఇంకెవరూ తమ ఇంటిముందు దాన్ని ఆగనివ్వరు.

"మరి వాళ్ళకు వాక్యం ఎప్పుడు చెబుతారండీ?" అని అడిగాను. మార్తమ్మగారి పని కూడా చూడాలి కదా.

"ఏడ్చేటోళ్ళకు దేవుని గురించి నేను చెప్పుడేంది అక్కా? గడియ గడియకు వాళ్ళే పిలుస్తున్నరు ఆయనను. మనం జర సప్పుడు చేయకుంటే చాలు."

చేపల మూట విప్పి చేతిలో పెట్టాను. ఆ ముఖం చూడాలి మీరు! మూట ముక్కుకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. "అబ్బా, మా ఇల్లు" అంది. వెంటనే కవర్లు మళ్ళీ బిగించి, దూలానికి కొక్కెం ఉంటే దానికి వేలాడదీసింది. వేయించుకోరా అంటే వరండా వైపు చూపించింది. దుఃఖంలో ఉన్నవాళ్ళు నీసు ముట్టరు, ఆ వాసన కూడా వాళ్ళకు పడదు. అందుకని ఇంట్లో అలాంటి కుటుంబం ఉన్నన్నాళ్ళూ ఈవిడా ముట్టదు. ఈ ఇంట్లో అలాంటి కుటుంబం లేని రోజు ఎప్పుడుంటుందో!

రావిర్యాల దారిలో యాదమ్మ

ఇల్లు యాదమ్మది. వెనక వాటాలో ఉంటుంది. ఈ చుట్టుపక్కల తరతరాలుగా సేద్యం చేసిన కుటుంబం. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి రోజమ్మ ముందు వాటాలో పొయ్యే పెట్టలేదు. వంటంతా యాదమ్మ పొయ్యి మీదే. చుట్టాలింటి నుంచి తెచ్చినట్టు గిన్నెల్లో ముందుకు తెస్తారు. అలా తెస్తే ఎవరైనా నాలుగు ముద్దలు తింటారట. జొన్నరొట్టె, పచ్చిపులుసు, అన్నం. మా వైపు పులుసంటే ముక్కలుండాలి, మరగాలి, ఇంగువ ఘుమఘుమలాడాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొయ్యి ముట్టించకుండానే తెచ్చి పెట్టారు. నేను మొహమాటంగా ఒక గరిటె వేసుకున్నాను. తర్వాత గిన్నె నా వైపు జరుపుకున్నాను.

రెండో రోజు యాదమ్మ నన్ను రావిర్యాలలో వాళ్ళ చెల్లెలింటికి తీసుకెళ్ళింది, జొన్నలు, కూరగాయలు తేవడానికి. ఆటోలో నా పక్కన కూర్చుని దారి పొడుగునా వేలు చూపిస్తూనే ఉంది. "గా గోడ కనవడ్తుందా, గాడ మా మ్యానమామోళ్ళ జొన్నచేను ఉండె. గీడ మోటబాయి." నాకు గోడలు, గేట్లు, కంపెనీ బస్సులే కనిపించాయి. చెల్లెలి పెరట్లో మాత్రం బెండ, చిక్కుడు, గోంగూర ఉన్నాయి. ఇక్కడ దాన్ని పుంటికూర అంటారు. మా గోంగూరే కదమ్మా అంటే ఒప్పుకోలేదు. సరే, వాళ్ళ కూర వాళ్ళిష్టం!

"ఇల్లు ఎలా ఇచ్చావు యాదమ్మా? వీధివాళ్ళు ఊరుకున్నారా?"

"ఏడ ఊకున్నరు! పెద్ద లొల్లి చేసిన్రు. కిరాయికి ఎవలకన్న ఇచ్చుకో, సావుబండ్లకు ఇస్తవా అని. ఏ, పీనుగు మనిషి గాదా? మీ ఇంట్ల ఎవ్వలు సావరా అన్న. నోర్లు మూసుకున్నరు."

"మరి నువ్వు రోజమ్మ దేవుణ్ణి నమ్ముకున్నావా?" మార్తమ్మగారు నా వెనకే ఉన్నట్టు అడిగేశాను.

"నాకు మా మైసమ్మ ఉంది. ఆమెకు ఆమె దేవుడున్నడు. ఆయన గురించి ఆమె నన్ను అడగలే, నేనూ అడగలే. ఇద్దరం కలిసి అన్నం వండుతం" అంది. అని పకపకా నవ్వి, "అగో, వచ్చిన కొత్తల ఏం చేసిందో తెలుసా నీకు?" అంటూ ఒక సంగతి చెప్పింది.

మొదట్లో ఒక కుటుంబం పెట్టె తీసుకుని బయల్దేరుతుంటే, రోజమ్మ వాళ్ళ దేశపు మర్యాదకొద్దీ గేటు దాకా వెళ్ళి చేతులు పట్టుకుని, "పోయి రాండ్రి, మల్ల రాండ్రి" అందట. మనకు తెలుసు కదా. చావు జరిగిన చోటి నుంచి కదిలేటప్పుడు వెళ్ళొస్తామని ఎవరూ అనరు. రమ్మని ఆ ఇంటివాళ్ళూ అనరు. మాట లేకుండా, వెనక్కి తిరక్కుండా వచ్చేయడమే. మా గోదావరి వైపూ అంతే, ఇక్కడా అంతే. ఆ కుటుంబంలో ముసలాయన బండి దిగి వచ్చి నిప్పులు కురిపించాడట. "మల్ల రమ్మంటవా? గిసొంటి పనికి మల్ల రావాల్నా మేము? నా ఇంట్ల ఇంకెవ్వలు సావాలె?" అని.

"గా దినమంత తిండి తినలే రోజమ్మ. గప్పటికెళ్ళి గేటు కాడ నోరు తెర్వది. గట్లనే నిలబడుతది" అంది యాదమ్మ.

నవ్వడం మొదలుపెట్టినదాన్ని మధ్యలో ఆపేశాను. ఇన్నేళ్ళుగా ఈ మనిషి చేసే మర్యాదకు ఒక్కరూ వెళ్ళొస్తాననరు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడరు. ఈ గుమ్మం తొక్కినవాళ్ళంతా ఇది మళ్ళీ తొక్కకూడదని దేవుడికి మొక్కుకుంటూ పోయేవాళ్ళే. నేనైతే నాలుగు రోజులు కూడా చేయలేను. నేను కుట్టిన జాకెట్టు బాగుందని ఎవరూ అనకపోతే ఆ రోజు నా మొగుడికి మాడిన కూరే.

కార్గో గేటు

మూడో రోజు పొద్దున పెట్టె వచ్చేస్తుందని కబురొచ్చింది. రోజమ్మ, మల్లేశం, నేను అంబులెన్సులో వెళ్ళాం. సుజాతను యాదమ్మ దగ్గర ఉంచాం. నేను ఎయిర్‌పోర్టంటే అద్దాలు, పూలకుండీలు, చక్రాల పెట్టెలు లాక్కుంటూ పోయేవాళ్ళనే అనుకున్నాను. అది అటువైపు. ఇటువైపు లారీలు, అట్టపెట్టెలు, తూకాలు. మామిడిపండ్లు ఇటే పోతాయి, మందులు ఇటే పోతాయి, మనుషులూ ఇటే వస్తారు. నా బుద్ధి గడ్డితిని సమాజంలో చూపిద్దామని ఫోను తీసి ఫోటో తీయబోయాను. సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు. రోజమ్మే ఏదో చెప్పి నన్ను విడిపించింది. "మీ చుట్టాన్ని జర చూసుకోండ్రి సిస్టరమ్మా" అన్నాడతను. ఈ వయసులో పిల్లను అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు నన్ను.

మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. ఆ విమానంలో పెట్టె రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు మల్లేశం నోరు విప్పాడు. "రోజమ్మా, పెట్టె వచ్చినంక ఈడ తెర్వొద్దు. సక్కగ ఊరికి తీస్కపోత. అక్కడ కూడ తెర్వకుంటనే కానిచ్చేస్తం. మా మరదలుకు నువ్వే చెప్పాలె."

"సుజాత మూడేండ్లు చూడలే ఆయన్ని. ఒక్కపారి మొఖం చూస్తనని వచ్చింది మల్లేశం."

అతను ఫోను తీసి ఆవిడకేదో చూపించాడు. అక్కడివాళ్ళు గుర్తుపట్టమని పంపిన ఫోటో అది. నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. "గిది చూసి నాకే వారం దినాలు నిద్ర లేదు. ఆమెకు ఎట్ల చూపియ్యాలె? ఇద్దరు ఆడపిల్లలున్నరు. ఆమె ఆగమైతే పిల్లలేం గావాలె?" అన్నాడు. నేను అతన్ని మొండివాడనుకున్నాను. భయపడుతున్నాడు పాపం.

రోజమ్మ రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర బండి ఆపించి, తలా ఒక టీ ఇప్పించి, అప్పుడు చెప్పింది.

"నేను బడికి పోయేటప్పుడు మా నాయన కూడ గల్ఫుకెళ్ళి గిట్లనే పెట్టెల వచ్చిండు. ఎయిర్‌పోర్టుల మాకు కూసునేతందుకు జాగ లేకుండె. మా అమ్మ ఆ పెట్టె మీదనే కూసుంది. తెర్వనియ్యలే. మంచిగ లేదు, చూడొద్దు అన్నరు పెద్దోళ్ళు. మంచికే అన్నరు. గాని సచ్చేదాక మా అమ్మ తలుపు సప్పుడైతే లేసి కూసునేది, వచ్చిండేమో అని." మల్లేశం వైపు తిరిగింది. "నేను నర్సును. ముందుగాల నేనొక్కదాన్నే చూస్త. చూసేటట్టు లేకపోతే నేనే వద్దంట. నీ మాటనే నా మాట. సరేనా?"

అతను టీ గ్లాసు వైపే చూస్తూ తల ఊపాడు.

ఒక మిషనరీ పరాయి దేశం ఎందుకొస్తుందని మా చర్చిలో చాలా ప్రసంగాలు విన్నాను. ఒక్కటీ నాకింత సూటిగా తగల్లేదు. ఆ టీ నేను తాగలేకపోయాను.

నర్సయ్య వచ్చిన పొద్దు

మర్నాడు ఎండెక్కేసరికి పెట్టెతో అంబులెన్సు సందులోకి తిరిగింది. పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకున్నారు. యాదమ్మ గేటు బార్లా తీసింది. పెట్టెను వాకిట్లో బల్ల మీద దింపి, చుట్టూ తెర కట్టారు. డ్రైవరు మేకులు ఊడదీసి పక్కకు వచ్చేశాడు. రోజమ్మ బకెట్టుతో నీళ్ళు, దువ్వెన, మేం కుట్టిన దుప్పటొకటి తీసుకుని తెర వెనక్కు వెళ్ళింది.

నేను సుజాత పక్కన వరండాలో కూర్చున్నాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. పొలం పని చేసే చెయ్యి, నా వేళ్ళు విరిగిపోతాయేమో అనిపించింది. లాక్కోలేదు.

"రోజమ్మ వద్దంటదా అక్కా?" అంది.

"తెలీదమ్మా."

"వద్దంటే నేను ఆయన సచ్చిండని ఎట్ల నమ్మాలె? పెట్టెల ఎవలున్నరో నాకేం తెలుసు?"

ప్రార్థన చేద్దామనుకున్నాను, మాటలు రాలేదు. ప్రభువా చూడనియ్యి, ప్రభువా చూడనియ్యి అని అదే అనుకుంటూ కూర్చున్నాను. మల్లేశం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తెర వెనక నీళ్ళ చప్పుడు, గుడ్డ పిండుతున్న చప్పుడు. ఎంతసేపైందో నాకు తెలీదు. ఆవిడ తొందరపడలేదు, అది మాత్రం తెలుసు.

రోజమ్మ బయటికొచ్చింది. చేతులు తుడుచుకుని సుజాత ఎదురుగా నేల మీద కూర్చుంది.

"విను బిడ్డా. చిక్కిపోయిండు. మొఖం జర నల్లగైంది. ఎడమ చెంప మీద మచ్చ లెక్క ఉంది. తల నెరిసింది. బెదరకు. గాని ఆయనే. రా."

"తల నెరిసిందా?" సుజాత లేస్తూనే ఆగింది. "వీడియో ఫోన్ల నల్లగనే ఉండె గదా."

ఒకవైపు రోజమ్మ, ఒకవైపు నేను పట్టుకుని తీసుకెళ్ళాం. మేం కుట్టిన దుప్పటి ఆయనకు పొట్టిగా ఉంది. పాదాలు బయటికొచ్చాయి. వాటిని చూడగానే నాకు ఏడుపొచ్చేసింది. ఇంకో మూర వేసి కుట్టి ఉంటే ఏం పోయేది మాకు? సుజాత ఏడవలేదు. వంగి ముఖంలోకి చూసింది. చెంప మీద మచ్చను తాకింది. తర్వాత జుట్టులో వేళ్ళు పెట్టింది. మొదళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి, కొసల్లో మాత్రం నలుపు.

"రంగేసుకొని కూసుండెటోడివా ఫోన్ల?" అంది. "నాతోని మాట్లాడనీకి రంగేసుకునెటోడివా నర్సయ్యా? నాకెందుకు చెప్పలే? నెరిస్తే ఏమైతది? నెరిస్తే నేనేమన్న అంటుంటినా?"

అప్పుడు ఏడ్చింది. వీధంతా వినబడేలా ఏడ్చింది. మల్లేశం కూడా తెర లోపలికి వచ్చి తమ్ముడి పాదాలు పట్టుకున్నాడు. రోజమ్మ తెర బయటికి వెళ్ళి, చేతులు కట్టుకుని, ఆకాశం వైపు చూస్తూ నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. ఆ వేళ ఆ ఇంట్లో సువార్త మాట ఒక్కటీ వినబడలేదు. నేను మాత్రం అంతకుముందెప్పుడూ అంత దగ్గరగా విన్నది లేదు.

గేటు దగ్గర

పొద్దు వాలకముందే ఊరు చేరాలని పెట్టె మూసి బండిలో ఎక్కించారు. యాదమ్మ రొట్టెలు మూట కట్టి డ్రైవరు చేతికిచ్చింది. మల్లేశం ఎక్కాడు. మామూలుగా జరిగేదే జరిగింది. ఎవరూ మాట్లాడలేదు. రోజమ్మ గేటు రెక్క పట్టుకుని, పెదవులు బిగించి నిలబడింది. ఏళ్ళుగా అలాగే నిలబడుతున్న మనిషి.

సుజాత బండి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. దిగి, గేటు దాకా వెనక్కి వచ్చింది.

"రోజమ్మా, పోయొస్త."

"ఏయ్ సుజాతా!" మల్లేశం బండిలోంచి తల బయటపెట్టాడు. "గట్ల అనొద్దు. ఈడ నుంచి పోయేటప్పుడు గట్ల అంటరా?"

"అంట బావా. నా మొగన్ని నాకు చూపిచ్చిన్రు ఈడ. ఇది సావిల్లు ఎట్లైతది? నాకు తల్లిగారిల్లు." మళ్ళీ రోజమ్మ వైపు తిరిగింది. "పిల్లలను తీస్కొని వస్త. పోయొస్తనమ్మా."

రోజమ్మ నోరు తెరిచింది, మూసింది. యాదమ్మ వైపు చూసింది, అనొచ్చా అన్నట్టు. యాదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "అనూ, అనూ" అని కసిరింది.

"పోయి రా బిడ్డా" అంది రోజమ్మ. "మల్ల రా."

బండి సందు తిరిగేదాకా సుజాత కిటికీలోంచి వెనక్కి చూస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఎవరూ రాలేదు. ఇల్లు ఖాళీ. యాదమ్మ ఒక నీళ్ళ బకెట్టుతో వాకిలి కడిగింది, నేనొకటి పోశాను. అది అయ్యాక రోజమ్మ స్టూలు ఎక్కి దూలం మీది మూట దింపింది. యాదమ్మ పొయ్యి మీద ఎండు చేపలు వేయించి, వేడన్నంలో, వాళ్ళ దేశపు పద్ధతిలో వెనిగర్ చిలకరించుకుని తింది. యాదమ్మ కారం చల్లుకుంది. నేను మా పద్ధతిలో పప్పుచారుతో తిన్నాను. మీ వెనిగరు చెడగొట్టిందంటే మీ చారు చెడగొట్టిందని వాదించుకున్నాం. అంత రుచైన భోజనం నేను ఈ మధ్య తినలేదు.

పాలకొల్లు

ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూర్చుంది. పూతరేకులు బాగున్నాయన్నారా, ఎయిర్‌పోర్టు ఎంత పెద్దది, అన్నీ అడిగారు. చెప్పాను. పచ్చిపులుసు సంగతీ చెప్పాను, సెక్యూరిటీ సంగతీ చెప్పాను. దుప్పట్లు ఇంకో మూర పొడుగు కుట్టాలని గట్టిగా చెప్పాను. మార్తమ్మగారు కళ్ళజోడు సవరించుకుని అసలు ప్రశ్న అడిగారు.

"అది సరేనమ్మా. ఆవిడ సేవ వల్ల ఎంతమంది ప్రభువులోకి వచ్చారు?"

"ఒక్కరూ రాలేదండి."

అందరూ ముఖముఖాలు చూసుకున్నారు.

"ఒకమ్మాయి మాత్రం," అన్నాను, "మొగుడి శవంతో బయల్దేరుతూ, గేటు దగ్గరికి వెనక్కొచ్చి ఆవిడతో వెళ్ళొస్తానంది."

మా సమాజంలో చావిల్లు చూడని ఆడమనిషి లేదు. అక్కడి నుంచి ఎలా లేచి రావాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మార్తమ్మగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"శవంతో బయల్దేరుతూనా?" అన్నారు మెల్లగా.

"ఆయ్. శవంతో బయల్దేరుతూనే."